పుస్తకం ఎవరి వైపు తిప్పి పెట్టాలి

(ఉపదేశుల స్మారక ధర్మనిధి ఉపన్యాసం, చిక్కడపల్లి, హైదరాబాదు)

ఈ సభలో కతోలికులు కాని మిత్రులు కూడా ముందు వరసల్లో కనిపిస్తున్నారు. సంతోషం. నేను మాట్లాడబోయేది మా ఇంటి సంగతి. కానీ మతం విషయంలో ఎదిగిన మనిషికి నిజం నిజంగా చెప్పాలన్నది అందరి ఇళ్ళకూ సంబంధించిన సంగతే.

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికి అంకితమో ఆయన పేరు ఆహ్వాన పత్రికలో లేదు. పిల్లలే వద్దన్నారు. "నాన్నగారు ఉంటే ఒప్పుకునేవారు కాదు. పేరు లేకుండా వెళ్ళిపోయిన ఉపదేశులందరి పేరు మీదా పెట్టండి" అన్నారు. వాళ్ళ మాట మన్నిద్దాం. మనమంతా ఉపదేశి మాస్టారు అనే పిలిచేవాళ్ళం కాబట్టి నేనూ అలాగే అంటాను. పల్లెల్లో సైకిలు తొక్కుతూ పాఠాలు చెప్పి, పెద్ద వయసులో పిల్లల దగ్గరికి నగరానికి వచ్చి, ఇక్కడి సందులో ఒక ముందుగదిలో సాయంత్రాలు మళ్ళీ అదే పని చేశారు. ఆయన ముందు కూర్చున్నవాళ్ళలో నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, హాస్టళ్ళలో ఉండి గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ళు, పెళ్ళి కుదిరిన ఆడపిల్లలు ఉండేవారు. జ్ఞానస్నానం కావాలని వచ్చిన పెద్దవాళ్ళు.

ఆయన పద్ధతి చూసినవాళ్ళకు ఒక విషయం గుర్తుంటుంది. సత్యోపదేశం పుస్తకాన్ని బల్ల మీద ఎప్పుడూ నేర్చుకునేవాళ్ళ వైపు తిప్పి పెట్టేవారు. తాను తలకిందుల అక్షరాలు చదువుకుంటూ, వేలితో వరస చూపిస్తూ పాఠం చెప్పేవారు. "నేను చెప్పింది, అక్కడున్నది ఒకటేనా కాదా, మీరే చూసుకోండి" అనేవారు. తెలియని ప్రశ్న వస్తే పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకుని, బస్సెక్కి రామంతాపూర్ సెయింట్ జాన్స్ సెమినరీకి వెళ్ళి, అక్కడి ఫాదర్లను అడిగి వచ్చి, వచ్చే పాఠంలో ముందు ఆ జవాబు చెప్పాకే మిగతా సంగతి ఎత్తేవారు.

కతోలిక విశ్వాసంలోకి రాదలచుకున్న పెద్దలకు కొన్నిచోట్ల సరైన ఉపదేశం అందడం లేదు. ఆ చిక్కును ఎలా దాటాలన్నది నేటి అంశం. నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. మంచి గురువు దొరకడం అదృష్టం. కానీ నేర్చుకునేవాడి రక్షణ అదృష్టం మీద ఆధారపడకూడదు. శ్రీసభ ఏం నమ్ముతుందో ఆ మాటే అతని చేతికి అందాలి, అడిగే దారి అతనికి తెలియాలి. ఇది దయతో ఇచ్చేది కాదు, అతని హక్కు.

1

ముందు రోగం ఏమిటో చూద్దాం. నమ్మదగని ఉపదేశం అనగానే తప్పుడు బోధ అనుకుంటాం. నేను చూసినంతలో తప్పు చెప్పడం కంటే చెప్పకుండా వదిలేయడం ఎక్కువ.

నగరంలోనే ఒక విచారణలో (పారిష్‌లో) చేరిన ఒక నర్సమ్మ సంగతి చెబుతాను. డ్యూటీలు మార్చుకుని ఆదివారం పూజ తరువాత పాఠానికి వెళ్ళేది. పాఠం చెప్పే పెద్దాయన మంచివాడే, ప్రార్థనాపరుడే. కానీ వారం వారం తన జీవితంలో జరిగిన స్వస్థతల కథలే చెప్పేవాడు. త్రిత్వం గురించి అడిగితే "అది దేవరహస్యం, అడక్కూడదు" అన్నాడు. పాపసంకీర్తనం ఎలా చేయాలని అడిగితే "ఫాదర్‌గారు చూసుకుంటారు" అన్నాడు. పాస్కా దగ్గరికొచ్చేసరికి ఫారం ఇచ్చి సంతకం చెయ్యమన్నాడు. ఆ అమ్మాయి నోట్సులో పరలోక జపం, మంగళవార్త జపం తప్ప మరేమీ లేదు. "నేను దేనికి ఔనంటున్నానో నాకే తెలియడం లేదు సార్" అంది. కోపంతో కాదు, భయంతో అంది. ఆ భయాన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు. ఎదిగిన మనిషి, కన్నవాళ్ళను నొప్పించి, చుట్టాల మాటలు పడి, ఒక గడప దాటడానికి వచ్చింది. ఆ గడప ఏమిటో ఆమెకు చెప్పకపోవడం ఆమెను అవమానించడమే.

మూడో రకం ఇంకొకటి ఉంది. సొంత అభిప్రాయాన్ని శ్రీసభ బోధగా చలామణీ చెయ్యడం. ఒకరు రెండో వాటికన్ మహాసభ తరువాత ఉత్తరించు స్థలం లేదంటారు. మరొకరు ఆ మహాసభే పొరపాటంటారు. ఒకరు జ్ఞానస్నానం తీసుకుంటే ఉద్యోగం వస్తుందంటారు. ఇంకొకరు మరియమాతను ఆరాధిస్తాం అంటారు. ఆరాధన దేవుడికి ఒక్కడికే, మరియమ్మకు చేసేది వందనం. ఈ తేడా చెప్పలేకపోతే రేపు బాప్టిస్టు స్నేహితుడు అడిగినప్పుడు ఆ కొత్త విశ్వాసి నోరు తెరవలేడు.

2

శ్రీసభ ఈ విషయంలో ఏమంటోంది? చాలా గట్టిగా అంటోంది. మనమే వినిపించుకోవడం లేదు.

తొలి శతాబ్దాల్లో పెద్దలకు జ్ఞానస్నానం సుదీర్ఘమైన తయారీ తరువాతే ఉండేది. రోము సంప్రదాయంగా చెప్పుకునే ఒక పాత గ్రంథం మూడేళ్ళు అంటుంది. పసిపిల్లల జ్ఞానస్నానాలే ఎక్కువైన కాలంలో ఆ పద్ధతి మరుగున పడింది. 1963 డిసెంబరు 4న వెలువడిన దైవార్చన రాజ్యాంగంలో రెండో వాటికన్ మహాసభ దాన్ని పునరుద్ధరించమంది. 1972లో పెద్దల క్రైస్తవ ప్రవేశ క్రమం వచ్చింది. మొదట విచారించుకునే కాలం, తరువాత ఉపదేశ కాలం, తపస్సుకాలం మొదటి ఆదివారం మేత్రాణుల (బిషపుల) సమక్షంలో ఎన్నిక, మూడు, నాలుగు, ఐదు ఆదివారాల్లో పరీక్షా ప్రార్థనలు, పాస్కా జాగరణలో జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం, ఆ తరువాత పాస్కా కాలమంతా అందుకున్నవాటి లోతు తెలుసుకోవడం. ఇదీ క్రమం. ఆరు ఆదివారాలు, ఒక ఫారం కాదు.

1983 నాటి శ్రీసభ చట్టసంహితలో 865వ నిబంధన చూడండి. పెద్దవాళ్ళకు జ్ఞానస్నానం ఇవ్వాలంటే అతను తానుగా కోరి ఉండాలి, విశ్వాస సత్యాల్లోనూ క్రైస్తవ బాధ్యతల్లోనూ చాలినంత ఉపదేశం పొంది ఉండాలి, ఉపదేశ కాలంలో ఆ జీవితం జీవించి చూసి ఉండాలి. ఈ షరతులు అభ్యర్థిని ఆపడానికి పెట్టినవని అనుకుంటారు. నేను తిప్పి చదవమంటాను. చాలినంత ఉపదేశం షరతు అయినప్పుడు అది ఇవ్వవలసిన బాధ్యత ఎవరిది? ఇచ్చేవాళ్ళదే. 780వ నిబంధన ఉపదేశులకు తగిన తర్ఫీదు ఇప్పించే పూచీని పీఠాధిపతుల మీద పెట్టింది. 212వ నిబంధన తమ అవసరాలను కాపరులకు చెప్పుకునే స్వేచ్ఛ విశ్వాసులకు ఉందంది.

ఆ క్రమంలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఒకటుంది. తపస్సుకాలంలో విశ్వాస సంగ్రహాన్ని అభ్యర్థులకు అప్పగిస్తారు. సభ అంతా నిలబడి చెబుతుంది, వాళ్ళు వింటారు, నేర్చుకుని తిరిగి అప్పజెబుతారు. నాలుగో శతాబ్దంలో రోము నగరంలో విక్టోరినస్ అనే పేరుమోసిన అలంకారశాస్త్ర పండితుడు ముసలితనంలో విశ్వాసంలోకి వచ్చాడు. ఆయన పరువు దృష్ట్యా గురువులు చాటుగా అప్పజెప్పమన్నారట. ఆయన ఒప్పుకోలేదు, అందరి ఎదుట ఎత్తయిన చోట నిలబడి చెప్పాడు. పునీత అగస్టీను తన ఆత్మకథలో రాశాడీ సంగతి. దీని అర్థం ఏమిటంటే, విశ్వాసం ఉపదేశి సొంత ఆస్తి కాదు. సభ అంతటి ఉమ్మడి మాట. అందరూ వినేలా ఇస్తారు, అందరూ వినేలా తీసుకుంటారు. అందరి ముందు చెప్పుకునే మాటలో ఒక్కడి సొంత కల్పన దూరడం కష్టం.

మన భాషలో అచ్చయిన తొలి పుస్తకాలు కూడా ఇలాంటివేనని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1746లో జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ వేయించిన ఉపదేశ పుస్తకాలు. ఆయన లూథరన్. శాఖ ఏదైనా, అచ్చు తెలుగు పుట్టిందే విశ్వాస పాఠాన్ని చదువరి చేతిలో పెట్టడం కోసం. ఆ పని మనం ఇంకా పూర్తి చెయ్యలేదు.

3

ఇక మన వీధుల్లో వినిపించే తప్పుల దగ్గరికి వస్తాను. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే జీవితాలు దెబ్బతినేది ఇక్కడే.

మొదటిది పెళ్ళి. "అబ్బాయి కతోలికుడు, నువ్వు జ్ఞానస్నానం తీసుకుంటే తప్ప గుళ్ళో పెళ్ళి జరగదు" అని ఎంతమంది ఆడపిల్లలకు చెప్పారో లెక్కలేదు. ఇది నిజం కాదు. జ్ఞానస్నానం లేని వ్యక్తితో కతోలికుల పెళ్ళికి అడ్డంకి ఉన్నమాట నిజమే, అది 1086వ నిబంధన. కానీ ఆ అడ్డంకికి మేత్రాణుల నుంచి మినహాయింపు తీసుకోవచ్చు. కతోలిక పక్షం తన విశ్వాసం కాపాడుకుంటానని, పిల్లలను ఆ విశ్వాసంలో పెంచడానికి చేతనైనంత చేస్తానని మాట ఇవ్వాలి. ఆ మాట ఇచ్చినట్టు రెండో పక్షానికి తెలియజెప్పాలి. అంతే. అమ్మాయి హిందువుగానే ఉండి, పెళ్ళి చెల్లుబాటుగా జరుగుతుంది. ఈ సంగతి దాచి జ్ఞానస్నానం ఇప్పిస్తే ఆ అమ్మాయి దేవుడికి చెప్పిన ఔను కాదది, కల్యాణ మండపం బుకింగుకు చెప్పిన ఔను. మహాసభ 1965లోనే ప్రేషిత కార్యాన్ని గురించిన శాసనంలో, ఒత్తిడితోగానీ ఆశ చూపిగానీ ఎవరినీ విశ్వాసంలోకి తేకూడదని నిషేధించింది. పెళ్ళి తేదీ కూడా ఒత్తిడే.

పెళ్ళి గురించే ఇంకొకటి. ముందే పెళ్ళయి విడిపోయినవాళ్ళు, విడాకులైన వ్యక్తిని చేసుకున్నవాళ్ళు ఉపదేశానికి వస్తారు. వాళ్ళ పరిస్థితిని శ్రీసభ న్యాయస్థానం పరిశీలించవలసి రావచ్చు. అది నెలలు పట్టే పని. మొదటి నెలలోనే మర్యాదగా, ఏకాంతంగా అడిగి తెలుసుకోవలసిన ఈ విషయాన్ని పాస్కాకు వారం ముందు బయటపెట్టి, ఆ మనిషిని గుడి గుమ్మం దగ్గర ఆపడం చూశాను. నేర్చుకునేవాళ్ళకు నా సలహా: వాళ్ళు అడగకపోయినా మొదటి రోజే మీరే చెప్పండి.

రెండోది, ఇతర సంఘాల నుంచి వచ్చేవాళ్ళు. మన తెలుగునాట సి.ఎస్.ఐ., లూథరన్, బాప్టిస్టు కుటుంబాల నుంచి కతోలిక సభలోకి వచ్చేవాళ్ళు చాలామంది. "అక్కడి బాప్తిస్మం చెల్లదు, మళ్ళీ తీసుకోవాలి" అంటే అది తప్పు. నీటితో, తండ్రి, కుమార, పవిత్రాత్మల నామమున జరిగిన జ్ఞానస్నానం ఎక్కడ జరిగినా జ్ఞానస్నానమే. దాన్ని రెండోసారి ఇవ్వడం నిషిద్ధం. గట్టి అనుమానం ఉంటేనే షరతుతో ఇస్తారు. వాళ్ళు చెయ్యవలసింది విశ్వాస ప్రకటన. వాళ్ళను, ఏమీ తెలియకుండా వచ్చినవాళ్ళను ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి మొదటి పాఠం నుంచి చెప్పడం కూడా సరికాదు. తాతల కాలం నుంచి బైబిలు చదివినవాళ్ళు వాళ్ళు. వాళ్ళకు చెప్పవలసినవి వేరు. మన బైబిల్లో 73 గ్రంథాలు ఎందుకున్నాయి, వాళ్ళ చేతిలో ఉన్నదానిలో 66 ఎందుకున్నాయి అన్నది మొదటి రోజే వచ్చే ప్రశ్న. జవాబు తెలియని ఉపదేశి దాన్ని పక్కకు తోసేస్తాడు.

మూడోది బొట్టు, ఆరతి, మంగళసూత్రం. ఒక ఉపదేశి బొట్టు చెరుపుకుని రమ్మంటాడు. పక్క విచారణలో గుడిలోనే ఆరతి ఇస్తారు. కొత్తవాడికి తల తిరుగుతుంది. దీని వెనక పెద్ద చరిత్ర ఉంది. 18వ శతాబ్దపు మొదటి ఏళ్ళలో పుంగనూరు వైపు ఫ్రెంచి యేసుసభ గురువులు సన్యాసుల వేషంలో, శాకాహారంతో, స్థానిక ఆచారాలు పాటిస్తూ బోధించారు. వాళ్ళ తరువాత వచ్చిన కేర్డో వంటివారు తెలుగు, సంస్కృతం క్షుణ్ణంగా నేర్చుకున్నారు. ఆ ఆచారాల మీద రోములో దశాబ్దాల తగవు నడిచి, 1744లో 14వ బెనెడిక్టు పోపుగారి శాసనంతో చాలావాటికి తెర పడింది. 1969లో మళ్ళీ రోము, భారతదేశం కోసం పూజలో పన్నెండు మార్పులకు అనుమతి ఇచ్చింది. అంజలి ఘటించడం, ఆరతి అందులోవే. అంటే ఒకనాడు కాదన్నది మరోనాడు ఔనన్నారు. మారేది ఆచారం, మారనిది విశ్వాసం. ఏది ఏదో తెలియని ఉపదేశి ఆచారాన్ని విశ్వాసం చేస్తాడు, ఒక్కోసారి విశ్వాసాన్ని ఆచారం చేసి వదిలేస్తాడు. మన తెలుగు కతోలిక పెళ్ళిళ్ళలో గురువు ఆశీర్వదించిన మంగళసూత్రాన్నే కడుతున్నారు. బొట్టు పెట్టుకుంటే జ్ఞానస్నానం ఇవ్వకూడదనే నిబంధన చట్టసంహితలో లేదు.

నాలుగోది చెప్పడానికి కష్టంగా ఉంది కానీ అశోక్‌నగర్ పక్కన నిలబడి చెప్పకుండా ఉండలేను. ఇక్కడ గదికి నలుగురు చొప్పున ఉండి, సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే వరసలో నిలబడే కుర్రాళ్ళలో షెడ్యూల్డ్ కులాలవాళ్ళు ఎందరో. వాళ్ళలో ఒకడు జ్ఞానస్నానం అడిగితే, "సర్టిఫికెట్ సంగతి ఎవరికీ చెప్పకు, కాగితం మీద మారనక్కర్లేదు" అని చెవిలో చెబుతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు విస్తరించలేదు. మన రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు, వారి పిల్లలు బీసీ-సీ కిందికి వస్తారు. 15 శాతం కోటా నుంచి 1 శాతం కోటాలోకి. క్రైస్తవాన్ని ఆచరిస్తూ ఎస్సీ ధ్రువపత్రం కోరడాన్ని 2024 నవంబరులో సుప్రీం కోర్టు ఒప్పుకోలేదు. ఈ చట్టం అన్యాయమని నా గట్టి నమ్మకం. మతం మారితే అంటరానితనం పోదని మన పల్లెలన్నీ సాక్ష్యం చెబుతాయి. దళిత క్రైస్తవులు ఏటా ఆగస్టు 10ని నిరసన దినంగా పాటిస్తున్నది అందుకే. పోరాడదాం. కానీ చట్టం అన్యాయమైనదని ఆ కుర్రాడికి చట్టమే లేదని చెప్పడం ద్రోహం. అతని ఉద్యోగం పోవచ్చు, కేసు కావచ్చు. అన్నిటికీ మించి, దేవుడి ఎదుట నిజం పలకబోయే రోజునే దాపరికం నేర్పిన పాపం మనది. అతనికి మొత్తం చెప్పండి. ఆగుతానంటే ఆగనివ్వండి. ఉపదేశార్థిగా ఉన్నవాళ్ళను కూడా శ్రీసభ తనవాళ్ళుగానే చూస్తుందని 206వ నిబంధన చెబుతోంది. ఆగినవాడు బయటివాడు కాడు.

4

మరి అభ్యర్థి ఏం చెయ్యాలి? పాఠం సరిగా లేదనిపిస్తే మానేసి వెళ్ళిపోవడం మొదటి ఆలోచన. యూట్యూబులో సొంతంగా నేర్చుకోవడం రెండో ఆలోచన. రెండూ వద్దు.

అశోక్‌నగర్‌లో చదివే పిల్లలకు ఇది నేను నేర్పనక్కర్లేదు. జిరాక్సు సెంటర్లో కొన్న నోట్సును తెలుగు అకాడమీ పుస్తకంతో సరిచూసుకోకుండా ఎవడూ పరీక్షకు వెళ్ళడు. నోట్సు పారెయ్యడు, గుడ్డిగా నమ్మడు. ఇక్కడా అంతే. 1992లో రెండో జాన్ పాల్ పోపుగారు వెలువరించిన సత్యోపదేశ గ్రంథంలో 2865 పేరాలున్నాయి. విశ్వాస సంగ్రహం, దివ్యసంస్కారాలు, దేవుని ఆజ్ఞల ప్రకారం జీవితం, ప్రార్థన, ఇవి నాలుగు భాగాలు. అంత చదవలేకపోతే 2005లో వచ్చిన సంక్షిప్త రూపంలో 598 ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి. మీకు చెబుతున్న పాఠాల్లో ఈ నాలుగు భాగాల్లో ఏది రావడం లేదో చూసుకోండి. వదిలేసినది అప్పుడు బయటపడుతుంది.

అడిగేటప్పుడు ఈ ప్రశ్న అడగండి: "మాస్టారూ, ఇది శ్రీసభ బోధా, మన విచారణ అలవాటా, మీ అభిప్రాయమా?" కోపంగా కాదు, నేర్చుకునే గొంతుతో. మంచి ఉపదేశి సంతోషిస్తాడు. మనిచేయుల మతంలో తొమ్మిదేళ్ళు తిరిగిన అగస్టీను, తన అనుమానాలన్నీ ఆ మతపు పెద్ద బోధకుడు ఫౌస్టస్ వస్తే తీరుతాయని ఎదురుచూశాడు. ఆయన వచ్చాడు, తీయగా మాట్లాడాడు, ఆ ప్రశ్నలకు జవాబు తెలియదని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలును అగస్టీను మెచ్చుకున్నాడు, ఆ మతం మీద ఆశ మాత్రం వదులుకున్నాడు. తెలియదనే ఉపదేశిని గౌరవించండి. తెలియదని చెప్పి అక్కడితో ఆగిపోయేవాడి దగ్గర మాత్రం మీరు ఆగిపోకండి.

ఎవరి దగ్గర మొదలుపెట్టాలన్నదానికి అపోస్తలుల చర్యల 18వ అధ్యాయంలో అపొల్లో కథ ఉంది. గొప్ప వక్త, లేఖనాలు బాగా తెలిసినవాడు. కానీ యోహాను ఇచ్చిన జ్ఞానస్నానం వరకే తెలుసు. ఎఫెసులో అతని మాటలు విన్న ప్రిస్కిల్లా, అక్విలా దంపతులు సభలో లేచి తప్పు పట్టలేదు, వెళ్ళిపోనూ లేదు. దగ్గరికి పిలిచి, దేవుని మార్గాన్ని ఇంకా స్పష్టంగా వివరించారు. గుడారాలు కుట్టి బతికే భార్యాభర్తలు ఒక పండితుణ్ణి సరిదిద్దారు, అతను దిద్దుకున్నాడు. ముందు ఉపదేశితోనే, ఏకాంతంగా. అక్కడ తేలకపోతే విచారణ గురువు దగ్గరికి. అక్కడా తేలకపోతే పీఠ కార్యాలయానికి ఉత్తరం, ఏ తేదీన ఏం చెప్పారో రాసి. మరో విచారణలో పాఠాలు వినడానికి ఏ నిబంధనా అడ్డు రాదు. జ్ఞానస్నానం మాత్రం మామూలుగా సొంత విచారణలోనే జరుగుతుంది కాబట్టి ఆ గురువుకు చెప్పి వెళ్ళండి.

ఒక హెచ్చరిక కూడా. ఈమధ్య కొందరు నేర్చుకోవడానికి కాక ఉపదేశిని పట్టుకోవడానికి వస్తున్నారు. ఎక్కడో వీడియోలో లాటిను పూజే అసలైన పూజ అని విని, తెలుగు పూజ చేసే గురువు విశ్వాసాన్నే శంకిస్తారు. మీకు నచ్చని ప్రతిదీ తప్పుడు బోధ కాదు. పుస్తకం ఉపదేశిని సరిచూసినట్టే మిమ్మల్నీ సరిచూస్తుంది.

5

సరిగా ఉపదేశం లేకుండానే జ్ఞానస్నానం అయిపోయినవాళ్ళు ఈ సభలోనూ ఉంటారు. "నాది చెల్లిందా?" అని నన్ను చాటుగా అడుగుతుంటారు. చెల్లింది. నీరు, త్రిత్వనామం, సభ ఉద్దేశించిందే చెయ్యాలనే సంకల్పం, మీ సొంత కోరిక ఉంటే చెల్లింది. ఇచ్చినవాడి అర్హత మీద సంస్కారం ఆధారపడదని ఆఫ్రికాలో డొనాటిస్టులనే వర్గంతో వాదించి అగస్టీను తేల్చిన విషయం ఇది. మాటలే మార్చేస్తే వేరు. "నేను" అనవలసినచోట "మేము" అని ఇచ్చిన జ్ఞానస్నానాలు చెల్లవని 2020లో రోము తేల్చింది. ఆ తీర్పు వల్ల 2022లో అమెరికాలోని ఫీనిక్స్ పీఠంలో వేలమంది సంగతి తిరగదోడవలసి వచ్చింది. అది అరుదు. మీకు కావలసింది రెండో జ్ఞానస్నానం కాదు, మీకు ఇవ్వకుండా ఎగ్గొట్టిన ఉపదేశం. జ్ఞానస్నానం తరువాత నేర్పే కాలం అంటూ క్రమంలోనే ఒకటి ఉంది కదా. పదేళ్ళు ఆలస్యమైనా అది అడగవచ్చు.

6

చివరిగా, తప్పంతా ఉపదేశుల మీద వేసి వెళ్ళిపోతే ఈ ధర్మనిధికే అపచారం. పల్లెల్లో ఉపదేశికి ఇచ్చింది ఎంత? ఇంటి ఖర్చుకు సరిపడనంత. ఇచ్చిన పుస్తకాలెన్ని? ఇచ్చిన తర్ఫీదు ఏపాటిది? గురువు నెలకొకసారి వచ్చే ఊళ్ళలో మిగతా ఇరవై తొమ్మిది రోజులూ శ్రీసభను నిలబెట్టినవాళ్ళు వాళ్ళు. చావులకు జపం చెప్పిందీ, పిల్లలకు అక్షరాలు నేర్పిందీ వాళ్ళే. కార్తేజి నగరంలో దేవోగ్రాసియస్ అనే డీకను, కొత్తవాళ్ళకు పాఠం చెబుతుంటే తనకే విసుగొస్తోందని, బాగా చెప్పలేకపోతున్నానని అగస్టీనుకు మొరపెట్టుకున్నాడు. క్రీ.శ. 400 ప్రాంతంలో అగస్టీను అతనికోసం ఒక చిన్న గ్రంథమే రాసి పంపాడు. కోప్పడలేదు. ఏది ముందు చెప్పాలో, అలసిపోయిన శ్రోతను ఎలా కూర్చోబెట్టాలో కూడా రాశాడు. ఉపదేశి బలహీనుడైతే పీఠం చెయ్యవలసింది అది. 2021 మే 10న ఫ్రాన్సిస్ పోపుగారు ఉపదేశకత్వాన్ని శాశ్వత పరిచర్యగా స్థాపించారు. అంటే మేత్రాణులు ఎంపిక చేసి, సిద్ధం చేసి, దైవార్చనలో నియమించవలసిన పదవి అది. ఆదివారం ఖాళీగా కనిపించిన పెద్దమనిషికి అప్పగించే పని కాదు.

కాబట్టి ఈ సభలో ఉన్న విచారణ పెద్దలకు, పాలక మండలి సభ్యులకు నా విన్నపం. వచ్చే విభూది బుధవారం లోపల ప్రతి విచారణలో కనీసం ఇద్దరు ఉపదేశులకు, ఒక స్త్రీ, ఒక పురుషుడు, తర్ఫీదు ఇప్పించండి. వాళ్ళ ప్రయాణ ఖర్చులు, పుస్తకాల ఖర్చు విచారణే భరించాలి. జ్ఞానస్నానం కోరి వచ్చిన ప్రతి పెద్దవ్యక్తికి మొదటి రోజునే తెలుగు సత్యోపదేశం, తెలుగు కతోలిక బైబిలు ఇవ్వండి. డబ్బు అడక్కండి. పెళ్ళి, సర్టిఫికెట్, పాత జ్ఞానస్నానం, ఈ మూడింటి గురించి మొదటి నెలలోనే మాట్లాడండి. సందేహం వస్తే ఉపదేశిని కాక ఇంకెవరిని అడగాలో ఆ పేరు నోటీసు బోర్డు మీద రాయించండి. ఈ ధర్మనిధి వడ్డీలో ఒక భాగం ఆ పుస్తకాలకు ఇస్తామని మాస్టారి పిల్లలు ఒప్పుకున్నారు. మీరు కూడా ఈ ఆదివారం పూజ అవగానే మీ విచారణ గురువును కలిసి, మన దగ్గర ఇది ఎవరు చూస్తున్నారని అడగండి.